ఊరికే నడక

తెలుగు భాషలో నడకకు కొరత లేదు. అడుగు వేసే తీరు నడక, బ్రతికే తీరు నడత, పదిమందిలో మెలిగే తీరు నడవడి. కాలినడక వుంది, పాదయాత్ర వుంది, ప్రదక్షిణం వుంది. ఇన్ని వున్నా, ఏ పనీ పెట్టుకోకుండా, ఏ దేవుడికీ మొక్కుకోకుండా, బయలుదేరిన గుమ్మానికే తిరిగి రావడం కోసం నడిచే నడకకు మాత్రం మనకు సరయిన మాట లేదు. వాహ్యాళి వుంది కదా అంటారేమో. అది రాజులు గుర్రాలెక్కి వెళ్ళేది. షికారు వుందంటారా, దాని అసలు అర్థం వేట. ఇరవై యేళ్ళుగా తెలుగు పాఠాలు చెబుతున్న నేను కూడా, పొద్దున్నే చెప్పులేసుకుని బయలుదేరుతూ, "వాకింగ్‌కు పోయొస్తా" అనే చెప్పి పోతున్నాను. ఏం చేయను? మాట లేదంటే ఆ పనికి మన పూర్వులకు అవసరం పడలేదన్నమాట.

మాది ఐరాల. చిత్తూరు జిల్లాలో ఐరాల అంటే కొందరు గుర్తుపట్టకపోవచ్చు గాని, కాణిపాకం అంటే గుర్తుపట్టని తెలుగువాళ్ళు వుండరు. ఆ కాణిపాకం మా ఐరాల మండలంలోదే. అక్కడి వరసిద్ధి వినాయకుడు బావిలో వెలసిన స్వామి. నానాటికీ పెరుగుతున్నాడని భక్తుల నమ్మకం. ఎప్పుడో చేయించిన వెండి కవచం ఇప్పుడు స్వామికి పట్టడం లేదని చెబుతారు. దేవుడు పెరిగితే అది మహిమ. మండలంలో వున్న మేము పెరిగితే దానికి వేరే పేరు. నిరుడు పెళ్ళికి కుట్టించుకున్న జాకెట్టు ఈ సంవత్సరం పట్టలేదంటే ఎవరూ వచ్చి కొబ్బరికాయ కొట్టరు.

నా ఎత్తు 158 సెంటీమీటర్లు. కిందటి సంక్రాంతినాటికి బరువు 74 కిలోలు. లెక్క కట్టి చూడదలచుకున్న వాళ్ళకు చెబుతున్నాను: బరువును, మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగించాలి. నాకు ఇరవైతొమ్మిదిన్నర చిల్లర వచ్చింది. మన దేశస్థులకు 23 దాటితే బరువు ఎక్కువ, 25 దాటితే స్థూలకాయం అని మన డాక్టర్లు కూడి నిర్ణయించి 2009లో ప్రకటించారు. దొరలకు యీ హద్దులు 25, 30. మనకు ఎందుకింత కఠినమంటే, మన ఒంట్లో కొవ్వు చేరేది ముఖ్యంగా నడుం చుట్టూ, పొట్ట లోపల. చేతులూ కాళ్ళూ సన్నగానే కనబడుతూ, పొట్ట ఒక్కటే ముందు నడిచే మనుషులు మీ వీధిలో ఎంతమంది వున్నారో లెక్కపెట్టుకోండి. అంచేత తూకం యంత్రం లేకపోయినా ఫరవాలేదు, దర్జీ టేపు చాలు. ఆడవాళ్ళకు నడుం 80 సెంటీమీటర్లు, మగవాళ్ళకు 90 దాటితే జాగ్రత్త పడవలసిందే.

బరువు సంగతి అలా వుండగా, మూడు నెలల సగటు చక్కెర చూపించే పరీక్షలో నాకు 6.1 వచ్చింది. ఆరున్నరకు వస్తే మధుమేహం. 5.7 నుంచి 6.4 దాకా గడప మీద నిలబడ్డట్టు. లోపలికి పోవచ్చు, వెనక్కూ రావచ్చు. మా అమ్మ ఆ గడప దాటి లోపలికి పోయి ఇరవైరెండేళ్ళు బ్రతికింది. కడపట యెడమకాలి వేళ్ళు రెండు తీసేశారు. పడుకున్నచోటునుంచి వీధి వైపు చూస్తూ, "నడిచేవాళ్ళకు తెలియదమ్మా, అదెంత భాగ్యమో" అనేది. ఆ మాట నాకు 6.1 అనే అంకెకన్నా గట్టిగా వినబడింది.

మా అమ్మ, ఆవిడకన్నా ముందు మా అవ్వ, బరువు తగ్గడానికి నడవలేదు. నీళ్ళకు బావికి నడిచారు. కయ్యల్లోకి సంగటి దుత్త నెత్తిన పెట్టుకుని నడిచారు. చెనక్కాయలు పెరికారు, చెరకు గానుగ దగ్గర బెల్లం పాకం కలియబెట్టారు, రోట్లో రుబ్బారు, తిరగలి తిప్పారు. ఇప్పుడు నీళ్ళు మోటారు పంపిస్తుంది, పిండి మిక్సీ రుబ్బుతుంది, పక్క వీధిలోని అంగడికి మోటారు సైకిలు తీసుకుపోతుంది. నేను రోజూ బస్సులో చిత్తూరు పోతాను. బస్సులో కూర్చుంటాను, స్టాఫ్ రూములో కూర్చుంటాను, పరీక్ష పేపర్లు దిద్దుతూ కూర్చుంటాను. తినే ముద్ద మాత్రం అవ్వనాటి ముద్దే. కయ్యలో మడక దున్నే మనిషికి కొలత కట్టిన ముద్దను, కుర్చీలో కూర్చునే మనిషి తింటే ఎక్కడికి పోతుంది? ఎక్కడికీ పోదు. అక్కడే వుంటుంది.

కూర్చునే వృత్తికీ, తిరిగే వృత్తికీ తేడా యేమిటో లండను నగరంలో బస్సుల మీదే లెక్క తేల్చారు. జెరెమీ మారిస్ అనే డాక్టరు అక్కడి రవాణా ఉద్యోగులు సుమారు 31,000 మందిని పరిశీలించి 1953లో ఫలితాలు ప్రకటించాడు. రెండంతస్తుల బస్సు. డ్రైవరు రోజంతా కూర్చునే వుంటాడు. కండక్టరు టిక్కెట్లు కొడుతూ రోజుకు కొన్ని వందల మెట్లు ఎక్కుతాడు, దిగుతాడు. అదే కంపెనీ, అదే బస్సు. అయినా గుండెజబ్బు డ్రైవర్లకు ఎక్కువ, కండక్టర్లకు తక్కువ. 1956లో ఆయన బృందం ఇంకో తమాషా చేసింది. కంపెనీ వాళ్ళు కుట్టించి యిచ్చిన యూనిఫారాల కొలతలు తీసి చూశారు. డ్రైవర్ల పంట్లాముల నడుములే పెద్దవి. అయితే ఉద్యోగంలో చేరిన కొత్తలోనే డ్రైవర్లు కొంచెం లావుగా వున్నట్టు కూడా ఆ కొలతల్లోనే తేలింది. అంటే అంతా కుర్చీ తప్పే కాదన్నమాట. నిజాయితీ గల శాస్త్రం ఇలాగే వుంటుంది. తన వాదానికి అడ్డువచ్చే అంకెను కూడా దాచుకోదు.

సరే, నడవాలని నిశ్చయించుకున్నాను. పట్నాలలో వాళ్ళకు పార్కులు వున్నాయి. మాకు రోడ్డు వుంది. రోడ్డుకు రెండు పక్కలా మామిడి తోపులు, దూరాన కొండలు. పొద్దున అయిదున్నరకు ఆ గాలికి ఏ పార్కూ సాటి రాదు. చిక్కల్లా మనుషులతోనే.

మొదటిరోజే పాలు పోసి వస్తున్న పెద్దాయన ఆగి, "ఏం మేడం, యాడికి పొయ్యేది ఇంత పొద్దన్నే?" అన్నాడు. "ఎక్కడికీ లేదన్నా, ఊరికే" అన్నాను. ఆయన ముఖంలో పెద్ద విచారం కనబడింది. "ఊరికే యెందుకు పోతారు మేడం? ఇంట్లో యేమన్నా గొడవా?" అని మెల్లగా అడిగాడు. రెండోవాడు మోటారు సైకిలు ఆపి, "ఎక్కండి మేడం, బస్టాండు కాడ దించేస్తా" అన్నాడు. నా దగ్గర చదువుకున్న పిల్లవాడే. వద్దంటే చిన్నబుచ్చుకున్నాడు. మూడోరోజుకు నాకు అర్థమయింది: మా ఊళ్ళో ఆడమనిషి నడకకు ఒక గమ్యం వుండాలి. అది లేకపోతే జనం తామే ఒకటి కల్పిస్తారు. ఆ కల్పించేది మనకు నచ్చేదిగా వుండదు.

వాళ్ళను తప్పుపట్టడానికి లేదు. మన దేశంలో పెద్ద నడకలన్నీ పనిమీద నడిచినవే. గాంధీగారు 1930లో సబర్మతినుంచి దండికి సుమారు 385 కిలోమీటర్లు 24 రోజులలో నడిచారు, ఉప్పు చేయడానికి. వినోబాజీ 1951లో మన పోచంపల్లిలో భూదానం మొదలుపెట్టి ఏళ్ళతరబడి నడిచారు; భూమి అడగడానికి. మా వైపు జనం అలిపిరి దగ్గర 3,550 మెట్లూ ఎక్కి తిరుమల పోతారు, మొక్కు తీర్చుకోవడానికి. 2022లో జిల్లాలు విడిపోయి తిరుపతి పక్క జిల్లా అయింది గాని, ఆ మెట్లు మాకు పరాయివి కాలేదు. అన్నమాచార్యులు చిన్నతనంలో ఆ కొండెక్కుతూ మోకాళ్ళ పర్వతం దగ్గర సొమ్మసిల్లితే, అమ్మవారు వచ్చి చెప్పులు విప్పించి, ప్రసాదం పెట్టి లేపిందని కథ. అంతటివాళ్ళు అంతంత పనులమీద నడిచిన దేశంలో, నడుం తగ్గడానికి నడుస్తున్నానంటే వినేవాళ్ళకు ఎబ్బెట్టుగా వుండదూ?

మా అత్తగారు ఉపాయం చెప్పింది. "చేతిలో ఒక గుడ్డసంచి పట్టుకోని పో అమ్మే. అంగడికి పోతా ఉండావనుకుంటారు" అంది. బ్రహ్మాండంగా పనిచేసింది. సంచి చూడగానే ప్రశ్నలు ఆగిపోయాయి. పదిరోజులలో ఎదురింటావిడ ఒక సంచితో బయలుదేరింది. ఆవిడకు మోకాళ్ళ నొప్పి, బరువు తగ్గితే నయమని డాక్టరు చెప్పి మూడేళ్ళయిందట. తరువాత అంగన్‌వాడీ టీచరు, ఆమె వెంట ఆమె చెల్లెలు. నాలుగు ఖాళీ సంచులు రోజూ పొద్దున్నే బయలుదేరి, ముప్పావుగంట తిరిగి, ఖాళీగానే ఇంటికి చేరేవి. అంగడివాడికి యీ విషయం తెలిస్తే ఎంత బాధపడేవాడో!

నలుగురమయ్యాక సంచుల అవసరం తీరిపోయింది. ఒక్క ఆడది నడిస్తే ప్రశ్న, నలుగురు నడిస్తే అలవాటు. ఇది మా ఊరి న్యాయం; మీ ఊరిదీ ఇదేనేమో చూడండి. ఇల్లాలు యెవరైనా నడవాలనుకుని జంకుతూ వుంటే, చెప్పులకన్నా ముందు ఒక తోడు సంపాదించుకోమని నా సలహా. తోడు వుంటే కుక్కలు కూడా గౌరవంగా చూస్తాయి. ఇంకొక్క జాగ్రత్త: కాలిబాట లేని రోడ్డుమీద కుడిపక్కనే, ఎదురుగా వచ్చే బళ్ళు కనబడేటట్టు నడవాలి. చీకటి వుంటే తెల్లటి గుడ్డ పైన వేసుకోవాలి. చెరకు లారీ డ్రైవరుకు మన ఆరోగ్యం సంగతి తెలియదు.

ఇక ఎంత నడవాలి? అందరి నోటా వినబడే మాట పదివేల అడుగులు. ఇది ఏ ఋషి చెప్పిందీ కాదు, ఏ డాక్టరు లెక్కకట్టిందీ కాదు. 1964లో టోక్యోలో ఒలింపిక్సు జరిగాయి. ఆ ఊపులో మరుసటి సంవత్సరం అక్కడ అడుగులు లెక్కపెట్టే యంత్రం ఒకటి అమ్మకానికి వచ్చింది. దానికి "పదివేల అడుగుల మీటరు" అని అర్థం వచ్చే పేరు పెట్టారు. పేరు నచ్చింది, అంకె నిలిచిపోయింది. 2019లో అమెరికాలో సగటున 72 ఏళ్ళ వయసున్న ఆడవాళ్ళు పదహారువేల మందికి పైగా పరిశీలించి చూస్తే, రోజుకు 2,700 అడుగులు వేసేవాళ్ళకన్నా 4,400 వేసేవాళ్ళలో మరణాలు బాగా తక్కువ. 7,500 దాటాక అదనపు లాభం పెద్దగా కనబడలేదు. కనుక పదివేలు కాలేదని దిగులుపడి ఇంట్లో కూర్చోకండి. వారానికి మొత్తం 150 నిమిషాలు, మాట్లాడగలం గాని పాట పాడలేం అన్నంత చురుగ్గా నడిస్తే చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మా నలుగురికీ ఆ పరీక్ష సులభం. మాటలు ఆగితే వేగం ఎక్కువయిందని లెక్క. ఇంతవరకు ఒక్కరోజూ ఆగలేదు.

ఇప్పుడు కొంచెం చేదు లెక్క. నా బరువున్న మనిషి అరగంట చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది సుమారు 140 కేలరీలు. ఒక పెద్ద చెంచాడు నూనెలో వున్నది సుమారు 120. అంటే అరగంట చెమటోడ్చి నడిచి వచ్చి, పోపులో ఒక చెంచా నూనె అదనంగా వంచితే చెల్లుకు చెల్లు! కిలో కొవ్వు కరగాలంటే ఏడువేల కేలరీలకు పైగా తేడా రావాలి. ఒక్క నడకతోనే కరిగించాలంటే యాభైరోజులు పడుతుంది; అదీ పిడికెడు కూడా ఎక్కువ తినకుండా వుంటే. అంచేత బరువు తగ్గే పని సగానికి పైగా రోడ్డుమీద కాదు, వంటింట్లో జరుగుతుంది.

వంటింట్లో మొదట నూనె కొలిచాం. మాది అయిదుగురు మనుషుల ఇల్లు. చెనక్కాయ పండే సీమ కనుక నూనెకు మా చెయ్యి వెనకాడదు. నెలకు ఆరు లీటర్లు అవుతుండేది. నేను ఎవరికీ ఉపన్యాసం చెప్పలేదు. నూనె డబ్బాలోంచి వంచడం మాని, ఒకటో తేదీన సీసాలు నింపి, "నెలకు ఇంతే" అన్నాను. ఇప్పుడు మూడున్నర లీటర్లతో గడుస్తోంది. వడలు పండగలకు మిగిలాయి. కూరలో రుచి పోయిందని మా ఆయన రెండు వారాలు సణిగి, మూడోవారం మరచిపోయారు.

తరువాత చక్కెర. మా ఇంట్లో తలా నాలుగు టీలు. టీకి రెండు చెంచాల చొప్పున రోజుకు ఎనిమిది చెంచాలు, అంటే నలభై గ్రాములు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన సూచనలలో రోజు మొత్తానికి చక్కెర 25 గ్రాముల లోపే వుండాలన్నారు. ఆ సంస్థ పుట్టుక ఒక పాఠం. 1918లో నీలగిరుల్లోని కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలయింది. 1958లో హైదరాబాదు వచ్చింది. మొదట వాళ్ళు పట్టుకున్న సమస్య బెరిబెరి, అంటే మరపట్టి తెల్లగా చేసిన బియ్యమే తినేవాళ్ళకు వచ్చే జబ్బు. నూరేళ్ళ కిందట తెల్లన్నం దగ్గర మొదలయిన విచారణ మళ్ళీ తెల్లన్నం దగ్గరకే వచ్చింది. మనకు అందే శక్తిలో ధాన్యాల వంతు నూటికి 45 మించవద్దని ఇప్పుడు అదే సంస్థ చెబుతోంది. మన కంచాల్లో ఆ వంతు ఎంతో మీరే చూసుకోండి. గుట్టలా అన్నం, దాని పక్కన గిన్నె అంచుతో తాకించినంత కూర!

అన్నం మాని సంగటి తింటే సన్నబడతామని కొందరికి నమ్మకం. రాగిసంగటి మీద నాకూ పుట్టింటి అభిమానం వుంది. నూరు గ్రాముల రాగుల్లో సున్నం సుమారు 350 మిల్లీగ్రాములు వుంటుంది. అదే తెల్లబియ్యంలో పదికి మించదు. పీచు కూడా ఎక్కువ, ఆకలి తొందరగా వేయదు. ఇదంతా నిజం. కాని శక్తి లెక్కలో రాగులకూ బియ్యానికీ పెద్ద తేడా లేదు. పైగా సంగటిలో మనం నూకలు కూడా వేస్తాం. రెండు ముద్దలు తింటే రెండు ముద్దల ఫలితం రెండు ముద్దలకూ వుంటుంది. మేము సంగటి మానలేదు, ముద్ద చిన్నది చేశాం. ఆ ఖాళీలో ఆకుకూర, అలసందల కూర, ఉలవ గుగ్గిళ్ళు, కాలం వచ్చినప్పుడు అనపకాయల పులుసు చేరాయి. ఊరుబిండి ఎప్పటిలాగే వుంది. అది లేకపోతే సంగటి గొంతు దిగదని మా అత్తగారి తీర్పు; అప్పీలు లేదు.

రాత్రి భోజనం తొమ్మిదిన్నరనుంచి ఏడున్నరకు జరిపాం. తిన్నాక పదిహేను నిమిషాలు మిద్దెమీద అటూ ఇటూ తిరుగుతాం. భోజనమయిన వెంటనే మెల్లగా నడిచినా సరే, కండరాలు రక్తంలోని చక్కెరను వాడుకుంటాయి. కనుక చక్కెర ఒక్కసారిగా ఎగరదు. పొద్దున్న నడకకు తీరిక లేని ఇల్లాళ్ళకు యీ రాత్రి నడక మంచి ఉపాయం. దీనికి సంచి కూడా అక్కరలేదు.

అన్నిటికన్నా కష్టం పొరుగిళ్ళలో వద్దనడం. మా సీమలో రెండోసారి వడ్డిస్తే వద్దనడం ఇంటివాళ్ళను అవమానించినట్టే. మామిళ్ళ కాలంలో మరీ కష్టం. కాణిపాకం పక్కన పారే బాహుదానదికి ఒక కథ వుంది. శంఖలిఖితులనే అన్నదమ్ములు యాత్రకు పోతుంటే తమ్ముడు ఆకలికి ఆగలేక రాజుగారి తోపులో మామిడిపండు తిన్నాడు. రాజు చేతులు నరికించాడు. ఈ నదిలో మునిగితే చేతులు తిరిగి వచ్చాయి, అందుకే అది బాహుద అయింది. ఇప్పుడు ఒక పండు తిన్నందుకు శిక్షించే రాజు లేడు. నాలుగో పండు తినకపోతే కోపగించుకునే బంధువులు వున్నారు. నేను ఒక పండు తింటాను, ఒకటి సంచిలో వేయించుకుంటాను. వాళ్ళకు తృప్తి, మా అమ్మాయికి పండు. ఆ గుడ్డసంచి ఇలా ఇంకా ఉపయోగపడుతోంది.

తొమ్మిది నెలలయింది. 74 కిలోలనుంచి 67కు వచ్చాను. మొదటి మూడు నెలల్లో నాలుగు కిలోలు తగ్గాయి, తరువాతి ఆరు నెలల్లో మూడే. ఇప్పుడు ముల్లు కదలడం లేదు. శరీరం తేలికయ్యేకొద్దీ దాని ఖర్చూ తగ్గుతుంది. కనుక ఇలా నిలిచిపోవడం సహజం. చక్కెర 5.8. గడప ఇంకా పూర్తిగా దిగలేదు గాని, ముఖం వాకిలి వైపు తిరిగింది. ఎదురింటావిడ మాత్రం రెండు కిలోలే తగ్గింది. "నీకు పట్టింది గాని నాకు పట్టలేదు మేడం" అని మానుకోబోయింది.

ఆవిడకు నేను చెన్నై సంగతి చెప్పాను. అక్కడ డాక్టర్ రామచంద్రన్ గారి బృందం, మధుమేహం గడపమీద వున్న 531 మందిని మూడేళ్ళు కనిపెట్టి చూసి 2006లో ఫలితాలు ప్రచురించింది. ఏ ప్రత్యేక సలహా ఇవ్వనివాళ్ళలో నూటికి 55 మందికి మధుమేహం వచ్చింది. రోజూ అరగంట నడిచి, చక్కెర, నూనె, తెల్లపిండి తగ్గించుకున్నవాళ్ళలో 39 మందికే వచ్చింది. విశేషమేమిటంటే, వాళ్ళ బరువు చెప్పుకోదగినంత తగ్గలేదు! ముల్లు కదలకపోయినా లోపల మేలు జరిగిందన్నమాట. తూకం యంత్రం ఒక సాక్షి మాత్రమే, న్యాయమూర్తి కాదు. ఎదురింటావిడ మెట్లు ఎక్కుతూ ఇప్పుడు కమ్మీ పట్టుకోవడం లేదు. ఆ సాక్ష్యం చాలదూ?

చివరగా ఒక మనవి. వినాయకచవితినాడు మనమంతా చెప్పుకునే కథే. ఉండ్రాళ్ళు కుడుములు భక్తాయాసంగా తిన్న స్వామి తల్లిదండ్రులకు నమస్కరించబోయి వంగలేక అవస్థపడుతుంటే, చూసి నవ్వింది చంద్రుడు. ఉదరం పగిలింది. పార్వతీదేవి శాపమిచ్చింది యెవరికి? ఎక్కువ తిన్న కొడుక్కు కాదు, నవ్వినవాడికి. ఏటేటా అక్షతలు పట్టుకుని ఆ కథ వింటూనే, మర్నాడు ఎదురుపడిన ఆడపిల్లను "ఏమ్మే, ఇంత లావయినావు" అని పలకరిస్తాం. మా కాలేజీలో ఆ పలకరింపు విని పొద్దున ఇడ్లీ మానేసి, పదిగంటల క్లాసులో కళ్ళు తిరిగి పడిపోయిన పిల్లలను నేను చూశాను. పెరిగే వయసులో పస్తు వుండడం బరువు తగ్గే మార్గం కాదు, రక్తం తగ్గే మార్గం. నవ్వు భయంతో బయటికి రాని ఇల్లాళ్ళు ఎంతమందో! లావుగా వున్న మనిషి రోడ్డుమీద నడుస్తుంటే చూసి నవ్వకండి. నవ్వవలసినంత పెద్ద పనే ఆమె చేయడం లేదు, నవ్వకూడనంత మంచి పని చేస్తోంది.

ఇదంతా కూర్చుని బ్రతికేవాళ్ళ గొడవ. ఎండలో కూలికి పోయి, తవ్వి, మోసి, సాయంత్రం మళ్ళీ నడిచి ఇంటికి వచ్చే ఆడవాళ్ళు మా ఊళ్ళో ఎందరో వున్నారు. పొద్దున్నే చేతులూపుకుంటూ వెళ్ళే మా నలుగురినీ చూసి వాళ్ళు ముసిముసిగా నవ్వితే నాకు కోపం రాదు. వాళ్ళకు కావలసింది ఇంకో మైలు నడక కాదు, ఇంకో ముద్ద పప్పు, కాస్త విశ్రాంతి. ఒకే రోడ్డుమీద రెండు రకాల అవసరాలు నడుస్తున్నాయి.

ఇప్పటికే చక్కెర మాత్రలు గాని, ఇన్సులిన్ గాని వాడుతున్నవాళ్ళు మాత్రం తిండి మార్చేముందు, నడక పెంచేముందు డాక్టరుతో మాట్లాడండి. మందు పాత కొలతలోనే వుండి తిండి తగ్గితే చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. కొంగున ఒక బెల్లంముక్క కట్టుకుని బయలుదేరడం మంచిది. మా జిల్లా బెల్లానికి ఇంతకన్నా గౌరవమయిన ఉద్యోగం వుండదు: వెంట వుండాలి, అవసరం లేకపోతే అలాగే ఇంటికి తిరిగి రావాలి.